ల్యాబ్ బయట దొరికిన జవాబులు

రీసస్ కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే వైరస్ ఒకటి ఉంది. పేరు మేసన్-ఫైజర్ మంకీ వైరస్. తన ప్రొటీన్లను కావలసిన చోట కత్తిరించుకోవడానికి అది ఒక ఎంజైమ్‌ను వాడుకుంటుంది. ఆ ఎంజైమ్ ఆకారం తెలిస్తే దాన్ని అడ్డుకునే మందులకు దారి దొరకొచ్చు. శాస్త్రవేత్తలు ఆ ఎంజైమ్ స్ఫటికాలు తయారు చేశారు, ఎక్స్-రే కొలతలూ తీశారు. కానీ ఆ కొలతల్లోంచి ఆకారం రాబట్టాలంటే, అసలు ఆకారానికి దగ్గరగా ఉండే నమూనా ఒకటి ముందే చేతిలో ఉండాలి. అది దొరక్క పదేళ్లకు పైగా పని ముందుకు కదల్లేదు.

చివరికి ఈ చిక్కును ఫోల్డిట్ అనే కంప్యూటర్ గేమ్ ఆడేవాళ్ల ముందు పెట్టారు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో తయారై 2008లో బయటికొచ్చిన ఆట అది. తెర మీద ప్రొటీన్ గొలుసు కనిపిస్తుంది. దాన్ని లాగాలి, తిప్పాలి, మడవాలి. మడత ఎంత స్థిరంగా కుదిరితే స్కోరు అంత పెరుగుతుంది. ఆడేవాళ్లలో ఎక్కువమందికి జీవరసాయన శాస్త్రంతో సంబంధం లేదు. ఒక టీమ్‌లో ఒకరు మొదటి నమూనాను సరిచేశారు, ఇంకొకరు దాని లోపలి భాగాన్ని సర్దారు, మూడోవారు బయటికి వేలాడుతున్న ఒక మడతను లోపలికి దోపారు. మూడు వారాల్లో పనికొచ్చే నమూనా వచ్చేసింది. దాన్ని పట్టుకుని పరిశోధకులు ఆ పాత ఎక్స్-రే కొలతల నుంచి ఎంజైమ్ ఆకారం తేల్చారు. 2011లో అచ్చయిన పరిశోధన పత్రంలో రచయితల వరసలో గేమ్ టీమ్‌ల పేర్లు కూడా ఉన్నాయి.

ఈ కథ విన్నవాళ్లు జనం తెలివిని మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. నన్నడిగితే మాత్రం సగం మార్కులు ఆ స్కోరుకే వేస్తాను. తప్పుడు మడత వేస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది, మంచి మడత పడితే అదీ తెలుస్తుంది. వేలమంది ఇష్టమొచ్చినట్టు ప్రయత్నించినా ఎవరూ కూర్చుని దిద్దాల్సిన పని లేదు. ఆఖరి పరీక్ష పెట్టడానికి ఎక్స్-రే కొలతలు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి.

2013లో అచ్చయిన మరో ప్రయోగం ఇంకా ఆసక్తికరం. మన శరీరం యాంటీబాడీల జన్యువులను రకరకాల ముక్కల్లోంచి కొన్ని ఏరి, అతికించి తయారు చేసుకుంటుంది. అతుకుల దగ్గర కొన్ని డీఎన్ఏ అక్షరాలు పోతాయి, కొన్ని కొత్తగా చేరతాయి. ఒక జన్యువును చూసి అది ఏయే ముక్కల కలయికో చెప్పాలి, అదీ లక్షల జన్యువులకు, వేగంగా. హార్వర్డ్ బృందం ఇక్కడ తెలివైన పని చేసింది. సమస్యలోంచి ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) మొత్తం తీసేసి, అక్షరాల వరసలను పోల్చే మామూలు ప్రోగ్రామింగ్ లెక్కగా దాన్ని తిరగరాసింది. టాప్‌కోడర్ అనే పోటీ వేదికలో రెండు వారాల గడువు, 6,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. పాల్గొన్నవాళ్లలో వృత్తిరీత్యా కంప్యుటేషనల్ బయాలజిస్టులు ఎవరూ లేరు. అయినా అప్పటిదాకా వాడుతున్న ప్రామాణిక ప్రోగ్రామ్ కంటే బాగా పనిచేసేవి చాలానే వచ్చాయి. వాటిలో మేటివైతే వెయ్యి రెట్ల దాకా వేగంగా నడిచాయి. యాంటీబాడీ అంటే ఏమిటో తెలియని మనిషి కూడా పాల్గొనగలిగేలా ప్రశ్న రాయడమే ఇందులో కష్టమైన భాగం. ఆ పని చేయగలిగేది మళ్లీ యాంటీబాడీలు క్షుణ్ణంగా తెలిసినవాళ్లే.

అంత బుర్ర పెట్టక్కర్లేని పనులూ ఉన్నాయి. మలేరియాస్పాట్ అనే ఆటలో రక్తపు చుక్క ఫొటోలో పరాన్నజీవి ఎక్కడుందో క్లిక్ చేయాలి. ఒక్క ఆటగాడి మీద ఆధారపడలేం. అదే ఫొటో మీద మామూలు జనం ఆడిన 22 ఆటలు కలిపి చూస్తే, పరాన్నజీవుల లెక్క 99 శాతానికి పైగా సరిపోయింది. ఒకరి పొరపాటును మిగతావాళ్లు సర్దేశారన్నమాట.

ఫొటోలో ఉన్నదీ లేనిదీ తేల్చొచ్చు. మందు పనిచేస్తోందా లేదా అన్నది అంత తేలిగ్గా తేలదు. ఏఎల్ఎస్ అనే జబ్బులో కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా చచ్చిపోతాయి. లిథియం ఈ జబ్బును నెమ్మదింపజేస్తుందని 2008లో ఇటలీ నుంచి, 44 మంది రోగులపై చేసిన చిన్న అధ్యయనం ఒకటి వచ్చింది. చేతిలో ఉన్న కాలమే తక్కువైనప్పుడు పెద్ద ట్రయల్స్ ముగిసేదాకా ఎవరు ఆగుతారు? చాలామంది రోగులు తమ డాక్టర్లతో రాయించుకుని లిథియం వాడటం మొదలుపెట్టారు, పేషెంట్స్‌లైక్‌మీ అనే వేదికలో ఎప్పటికప్పుడు తమ పరిస్థితి నమోదు చేశారు. అలాంటి 149 మందిని తీసుకుని, అప్పటిదాకా జబ్బు అదే తీరులో సాగిన, లిథియం వాడని రోగులతో ఒక్కొక్కరినీ జతచేసి పోల్చారు. ఏడాది తర్వాత చూస్తే తేడా లేదు. 2011లో ఆ ఫలితం అచ్చయింది. పద్ధతి ప్రకారం జరిగిన ట్రయల్స్ కూడా తర్వాత అదే చెప్పాయి. అయినా దీన్ని ట్రయల్‌కు బదులుగా వాడుకోవచ్చని నేను అనను. పోల్చడానికి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) లేదు, తాము ఏం మింగుతున్నామో అందరికీ తెలుసు, ఫలితం కనపడక విసిగినవాళ్లు మధ్యలో మానేయొచ్చు. జతచేసే పద్ధతి జాగ్రత్తగా కుదిరింది కాబట్టి ఆ డేటాకు ఒక అర్థం వచ్చింది.

ప్రొటీన్ మడతల విషయానికొస్తే, 2020లో ఆల్ఫాఫోల్డ్ 2 అనే ఏఐ ప్రోగ్రామ్ వచ్చాక ఆకారం ఊహించే పని చాలావరకు యంత్రానిదైంది. తమాషా ఏమిటంటే, అది తన సత్తా నిరూపించుకున్నది కూడా అందరికీ తెరిచి ఉన్న ఒక పోటీలోనే. 1994 నుంచి నడుస్తున్న కాస్ప్ పోటీలో, ఆకారం ఇంకా బయటపెట్టని ప్రొటీన్లను టీమ్‌లకు ఇచ్చి, ఊహలను తర్వాత ప్రయోగ ఫలితాలతో సరిచూస్తారు.

2010లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ వాళ్లు ఇంకో అడుగు వేశారు. టైప్ 1 డయాబెటిస్‌లో జవాబులు వద్దు, అసలు ఏ ప్రశ్నల మీద పరిశోధన జరగాలో చెప్పండి అన్నారు. దాదాపు 150 ప్రతిపాదనలు పరిశీలనకు నిలిచాయి, 12 గెలిచాయి. గెలిచినవాళ్లలో కాలేజీ విద్యార్థినితో పాటు రిటైరైన డెంటిస్టు కూడా ఉన్నారు. ఇక్కడ స్కోరు చెప్పే ప్రోగ్రామ్ లేదు. ప్రశ్న మంచిదో కాదో తెర మీద అంకె చెప్పలేదు కదా. అందుకని నూటికి పైగా ఫ్యాకల్టీ కూర్చుని వాటిని చదివి మార్కులు వేయాల్సి వచ్చింది.