ఆడితే పింఛను పోదు: వైకల్యం, ఆటల గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. వైకల్యం ఉన్న పిల్లల్నీ పెద్దవాళ్లనీ చికిత్స గదిలోంచి గ్రౌండ్‌లోకి తీసుకురావడం నా పనిలో పెద్ద భాగం. ఏ ఆట మంచిది, ఏ వయసులో మొదలుపెట్టాలి అని జనం అడుగుతారనుకుంటారు ఎవరైనా. కానీ 2025లో వికలాంగుల పింఛన్ల పునఃపరిశీలన మొదలైన దగ్గర్నుంచి నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదీ: "గ్రౌండ్‌కి వస్తే పింఛను ఎత్తేస్తారంట కదా మేడమ్?" గాజువాక నుంచి కొడుకుని ఎత్తుకొచ్చే తల్లి అడిగింది. గోపాలపట్నం కుర్రాడు అడిగాడు. ఇల్లు దాటి రాని వాళ్ల తరఫున పక్కింటివాళ్లు కూడా వచ్చి అడిగారు. అందుకని మిగతా అపోహల సంగతి తర్వాత, ముందు దీని అంతు చూద్దాం.

అపోహ: ఆడుతూ కనిపిస్తే "వీడు బాగానే ఉన్నాడు" అని పింఛను ఆపేస్తారు

ఆపరు. పింఛనుకి ఆధారం సదరం సర్టిఫికెట్‌లో, అంటే ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో ఉన్న శాతం. 40 శాతం, ఆపైన ఉంటే వైకల్యం పరంగా అర్హత ఉన్నట్టే. మరి ఆ శాతం ఎలా వస్తుంది? కాళ్లూ చేతుల సమస్య అయితే ఏ కీలు ఎంతవరకు కదులుతోంది, ఏ కండరంలో ఎంత బలం ఉంది, తీసేసిన కాలో చెయ్యో అయితే ఎక్కడివరకు తీసేశారు అన్నది కొలుస్తారు. చూపు అయితే కళ్లద్దాలు పెట్టాక కూడా ఎంత కనిపిస్తోంది, ఎంత వెడల్పున కనిపిస్తోంది అని చూస్తారు. వినికిడికి డెసిబెల్స్ లెక్క. మేధో వైకల్యానికి ఐక్యూతో పాటు రోజువారీ పనులు చేసుకునే తీరు. వీటికి కేంద్రం 2018లో గెజిట్ మార్గదర్శకాలు ఇచ్చింది, 2024లో సవరించింది. ఆటలాడతాడా లేదా అనే గడి వాటిలో లేదు.

కొంచెం ఆలోచించండి. మోకాలి కింద కాలు లేని మనిషి కృత్రిమ కాలు కట్టుకుని బీచ్ రోడ్డు మొత్తం పరిగెత్తినా, కాలు లేకపోవడం అలాగే ఉంటుంది. పోలియోతో సన్నబడిన కాలిని నడిపించాల్సిన నరాల కణాలు చిన్నప్పుడే చచ్చిపోయాయి, ఆడినంత మాత్రాన అవి మళ్లీ పుట్టవు. మన అనకాపల్లి జిల్లా రొంగలి రవి పొట్టిగా ఉన్నవాళ్ల విభాగమైన ఎఫ్40లో షాట్‌పుట్ విసురుతూ 2024 పారిస్ పారాలింపిక్స్ దాకా వెళ్లాడు. అంత శిక్షణ తర్వాత కూడా కొలత పెట్టి చూస్తే అదే ఎత్తు. పైగా పారా క్రీడల్లో పోటీ పడాలంటే శాశ్వత వైకల్యం ఉందని వర్గీకరణ చేసేవాళ్ల ముందు రుజువు కావాలి. వైకల్యం ఉందని తేలితేనే ఆడనిచ్చే చోట ఆడాడు కాబట్టి వైకల్యం లేదు అనడం ఏం తర్కం?

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? జ్ఞానాపురం వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు. బైక్ ప్రమాదంలో కాలి నరాలు దెబ్బతిన్నాయి. కూర్చుని ఆడే వాలీబాల్ అతనికి బాగా అబ్బింది. ఎవరో వీడియో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కొన్నాళ్లకి అతనికి పునఃపరిశీలన నోటీసు వచ్చింది. ఇంకేముంది, వీడియో వల్లే వచ్చిందని ఊరంతా తేల్చేసింది. నేను కాగితాలు తెప్పించి చూశాను. అతని సర్టిఫికెట్ మొదటి నుంచీ తాత్కాలికం, గడువు అయిపోయింది. ఆ వీధిలో బంతి ముట్టని ముసలాయనకీ అదే వారంలో నోటీసు వచ్చింది. ఆ సంగతి మాత్రం గ్రూపులో ఎవరూ పెట్టలేదు! అబ్బాయి ఆట మానేశాడు, అతన్ని చూసి ఇంకొంతమంది మానేశారు.

నోటీసు అందుకున్నవాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒకటో తారీఖున చేతికొచ్చే 6,000 రూపాయల మీద మందులు, బియ్యం, ఆటో ఖర్చు అన్నీ నడిచే ఇళ్లు నాకు తెలుసు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000 వచ్చే ఇళ్లయితే ఆ మనిషిని చూసుకోవడానికి ఇంట్లో ఒకరు కూలి మానుకుని కూర్చున్న ఇళ్లు. నిజంగా తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లకి కూడా నోటీసులు వచ్చిన సందర్భాలు చూశాను, కోపం వచ్చింది. అలాంటివాళ్లు చేయాల్సింది అప్పీలు. పాత సదరం కాగితం, ఆపరేషన్ వివరాలు, ఎక్స్‌రేలు, స్కానింగ్‌లు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వార్డు సచివాలయంలో అడిగి మళ్లీ పరీక్షకి వెళ్లాలి. సర్టిఫికెట్ మీద తాత్కాలికమా శాశ్వతమా అన్న మాట ఇప్పుడే చూసుకోండి. తాత్కాలికమైతే గడువుకి ముందే సదరం స్లాట్ బుక్ చేసుకోండి. గ్రౌండ్ మానేయడం ఈ జాబితాలో ఎక్కడా లేదు.

చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఇంకొంచెం వేరు. "వీల్‌చైర్‌లో బాస్కెట్‌బాల్ ఆడితే 15,000 పింఛను పోదా?" మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి అని నిబంధనలోనే ఉంది. ఆ కుర్చీలోనే కూర్చుని ఆడుతున్నారు కదా. ఆట అయ్యాక లేచి నడిచి వెళ్లడం లేదు కదా.

ఇంకో ప్రశ్న న్యాయమైనది, దాన్ని దాటేయను. ఆడితే బలం పెరిగి శాతం తగ్గితే? పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లకీ, నరాలు దెబ్బతినే గులియన్ బారీ లాంటి జబ్బుతో పడిపోయి లేస్తున్నవాళ్లకీ బలం తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఆడినా ఆడకపోయినా వాళ్ల శాతం కాలంతో మారుతుంది, అందుకే వాళ్లకి తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. అలాంటివాళ్లని బలహీనంగా ఉండిపొమ్మని ఏ థెరపిస్టూ చెప్పకూడదు, నేను చెప్పను. కాలో చెయ్యో తీసేసినవాళ్లకీ, పోలియో వచ్చినవాళ్లకీ, వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవాళ్లకీ, చూపో వినికిడో శాశ్వతంగా పోయినవాళ్లకీ ఈ అనుమానమే అక్కర్లేదు. వాళ్లలో ఆట వల్ల మెరుగయ్యేది గుండె, ఊపిరితిత్తులు, భుజాల బలం, నిద్ర, మనసు. సదరం డాక్టరు కొలిచేది దెబ్బతిన్న భాగాన్ని, వీటిని కాదు.

ఇంట్లో కూర్చోబెట్టడానికి అయ్యే ఖర్చు ఎవరూ లెక్కేయరు. మధురవాడలో భవనం పని చేస్తూ పైనుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్న ఒకాయన మా దగ్గర కూర్చుని జావెలిన్ విసిరేవాడు. ఆ రోజుల్లో పుండ్లు పడకుండా కుర్చీలో నిమిషాల లెక్కన ఒళ్లు పైకి లేపుకోవడం, అద్దంలో చర్మం చూసుకోవడం అన్నీ క్రమంగా చేసేవాడు, తోటివాళ్లు కూడా గుర్తుచేసేవాళ్లు. పింఛను భయంతో బావమరిది మాన్పించాడు. తర్వాత నేను ఇంటికి వెళ్లి చూసేసరికి పిరుదు మీద ఎముక కనిపించే పుండు. ఆసుపత్రి, డ్రెస్సింగులు, బోర్లా పడుకోవడం, భార్య పని మానుకోవడం. ఆ ఇంటి అప్పు పింఛనుతో తీరేది కాదు. "అన్నా, ఎవరు చెప్పారు నీకు ఆడితే పోతుందని?" అని అడిగితే, "అందరూ అంటున్నారమ్మా" అన్నాడు. ఆ అందరిలో ఒక్కరు కూడా పుండు కడగడానికి రాలేదు.

దయచేసి, తెలియని విషయాన్ని గ్రూపుల్లో పంపకండి. మీరు పంపిన ఒక్క మెసేజ్ చదివి ఒక తల్లి తన బిడ్డని తలుపు వెనక దాచేస్తుంది.

అపోహ: ఆడితే ఉన్న బలం పోతుంది, ఫిట్స్ వస్తాయి, బిగుసుకుపోతారు

సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పే సమస్య) ఉన్న పిల్లలకి బలం పెంచే వ్యాయామాలు చేయిస్తే బిగుతు పెరుగుతుందని ఒకప్పుడు మా వృత్తిలోనే నమ్మేవారు. పరిశోధనలు అది తప్పని తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన శారీరక శ్రమ మార్గదర్శకాల్లో మొదటిసారి వైకల్యం ఉన్నవాళ్లని ప్రత్యేకంగా చేర్చింది. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, పిల్లలకి రోజుకి సగటున గంట. మిగతావాళ్లకి చెప్పిందే వీళ్లకీ చెప్పింది.

జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి, అవి పుకార్లు కావు. వెన్నుపాము ఛాతీ పైభాగంలోనో మెడలోనో దెబ్బతింటే దెబ్బ కింది భాగంలో చెమట పట్టదు. మన విశాఖ ఉక్కలో అలాంటివాళ్ల ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. నీడ, నీళ్లు చల్లే స్ప్రే సీసా, తడిగుడ్డ ఉండాలి. వాళ్లకి ఆట మధ్యలో ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి, ముఖం ఎర్రబడటం కనిపిస్తే వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం గొట్టం మెలిపడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి, బీపీ ప్రమాదకరంగా పెరిగిందని అర్థం. డౌన్ సిండ్రోమ్ పిల్లల్ని డైవింగ్‌కో పల్టీలకో దింపే ముందు మెడ ఎముకలు డాక్టరుకి చూపించాలి. ఫిట్స్ ఉన్నవాళ్లు ఈత కొట్టొచ్చు, కానీ కళ్లు తిప్పకుండా చూసే మనిషి గట్టు మీద ఉండాలి. పోలియో వచ్చి నడివయసుకి చేరినవాళ్లు ఒళ్లు హూనమయ్యేదాకా ఆడకూడదు.

అపోహ: వైకల్యం మరీ ఎక్కువైతే ఆటలు కుదరవు

వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో ఒక్కో ఆటగాడికి 1.0 నుంచి 4.5 దాకా పాయింట్లుంటాయి. వైకల్యం ఎంత ఎక్కువైతే పాయింటు అంత తక్కువ. కోర్టులో ఉన్న ఐదుగురి మొత్తం 14 దాటకూడదు. అంటే తక్కువ పాయింట్ల వాళ్లు లేకపోతే జట్టే కుదరదు. బోచా అయితే తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ల కోసమే పెరిగిన ఆట. ఎర్రవి ఆరు, నీలంవి ఆరు బంతులు, ఒక తెల్ల బంతి. తెల్ల బంతికి దగ్గరగా వేసినవాళ్లది పాయింటు. చేత్తో విసరలేనివాళ్లు ర్యాంప్ మీద నుంచి దొర్లించొచ్చు. పక్కన సాయం చేసే మనిషి కోర్టు వైపు వీపు పెట్టి కూర్చోవాలి, నిర్ణయమంతా ఆటగాడిదే. మాటలు రాని ఒక పాప కనుచూపుతోనే "ఇంకొంచెం ఎడమకి" అని వాళ్ల నాన్నకి చెప్పడం చూశాను. ఆ నాన్న అంతకుముందు బిడ్డ ఇష్టం ఏంటని ఎప్పుడూ అడిగి ఉండడు, అన్నం దగ్గర కూడా. అసలు బంతులు ఖరీదు. మేము పాత సాక్సుల్లో ఇసుక నింపి కుట్టుకున్నాం, మొదలుపెట్టడానికి అవి చాలు.

చూపు లేనివాళ్లకి క్రికెట్ ఏమిటనేవాళ్లకి ఒకే మాట: 2025 నవంబరులో కొలంబోలో నేపాల్‌ను ఓడించి అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్ గెలిచిన మన జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి పాంగి కరుణకుమారి ఉంది. బంతిలో గలగలమనే గుళ్లుంటాయి, వినే ఆడతారు.

అపోహ: సదరంలో 80 శాతం ఉంది కాబట్టి పారాలింపిక్స్‌కి పంపొచ్చు

రెండింటికీ సంబంధం లేదు. సదరం శాతం సంక్షేమ పథకాల కోసం. క్రీడా వర్గీకరణ ఆ ఆటలో మీ వైకల్యం ఎంత అడ్డొస్తుందో చూస్తుంది. వినికిడి సమస్య ఒక్కటే ఉన్నవాళ్లకి పారాలింపిక్స్‌లో విభాగమే లేదు, వాళ్లకి 1924 నుంచి డెఫ్లింపిక్స్ వేరుగా నడుస్తున్నాయి. మేధో వైకల్యం ఉన్నవాళ్లకి స్పెషల్ ఒలింపిక్స్ ఉన్నాయి, పారాలింపిక్స్‌లో కూడా కొన్ని విభాగాలున్నాయి. ఓరుగల్లు ప్రాంతం అమ్మాయి జీవాంజి దీప్తి పారిస్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది అలాంటి విభాగంలోనే. దాని పేరు కూడా టీ20, క్రికెట్ టీ20 కాదు.

అపోహ: పతకం రానప్పుడు ఆటెందుకు

మీ పెద్దబ్బాయి ఆదివారం క్రికెట్‌కి వెళ్తే పతకం తెమ్మని అడిగారా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ వినోదం గురించి, 30వ సెక్షన్ క్రీడల గురించి. సరదాగా ఆడుకోవడం కూడా హక్కు కిందే వస్తుంది. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో మన రుషికొండ బీచ్‌కి వచ్చింది, దాని ప్రమాణాల్లో వైకల్యం ఉన్నవాళ్లకి ప్రవేశం, సౌకర్యాలు కూడా ఒక అంశం. సముద్రం పక్కనే పుట్టి పెరిగి, ఇసుకలో చక్రాలు కదలవని ఒక్కసారి కూడా కెరటం తాకని మనుషులు ఈ ఊళ్లో ఉన్నారు. గట్టి చాప లాంటి దారి పరిస్తే చాలు, కుర్చీ తడి ఇసుక దాకా వెళ్తుంది.

అపోహ: ఆడపిల్లలకి ఆసక్తి ఉండదు, అందుకే రారు

వాళ్లు రానిది టాయిలెట్ లేక. మా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నీళ్లు తాగరు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు అలాగే వస్తున్నాయి, ఎండకి కళ్లు తిరగడమూ అలాగే. తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పు, గడప లేకుండా, పట్టుకోవడానికి గోడకి రాడ్లు, అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవున్న ర్యాంప్: ఇంతకు మించి అడగడం లేదు. నేను వెళ్లే ఒక గ్రౌండ్‌లో ఇవన్నీ ఉన్న టాయిలెట్ కట్టారు, చక్కగా కట్టారు. దానికి ఎప్పుడూ తాళం. లోపల చీపుళ్లు, పాత బ్యానర్లు. గ్రౌండ్లు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆ సామాను తీయించండి, తాళం చెవి ఆదివారం పొద్దున ఎవరి దగ్గర ఉంటుందో ఫోన్ నంబరుతో సహా ఆ తలుపు మీద రాయించండి.