12 టెరాఫ్లాపులు ఎందుకు సరిపోలేదు

బెంగళూరు మారతహళ్ళిలో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్లు, ఒకరిది ఒంగోలు, మరొకరిది హిందూపురం, చెరి సగం డబ్బు వేసుకుని కన్సోల్, అంటే టీవీకి తగిలించి గేములు ఆడే యంత్రం, కొనడానికి బయలుదేరితే నేనూ వారి వెంట వెళ్ళాను. దారి పొడవునా వాదన ఒక్కటే. "12 టెరాఫ్లాపులు మామా, అవతలిది పదింటి దగ్గరే ఆగిపోయింది" అంటాడు ఒంగోలు అబ్బాయి. అతను చెప్పిన అంకెల్లో తప్పేమీ లేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ సామర్థ్యం 12 టెరాఫ్లాపులు, సోనీ ప్లేస్టేషన్ 5 సామర్థ్యం 10.28. ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు కనుక తేడా చిన్నదేమీ కాదు. తీరా దుకాణంలో అడుగుపెట్టాక, ఆడేసి తిరిగిచ్చిన పాత డిస్కుల అర ముందు ఇద్దరూ ఆగిపోయారు. మూడు వరుసల నిండా ప్లేస్టేషన్ నీలి డబ్బాలు, కింది అరలో ఒక మూలన పదో పన్నెండో ఎక్స్‌బాక్స్ ఆకుపచ్చ డబ్బాలు. హిందూపురం అబ్బాయి ఏమీ మాట్లాడకుండా ఆ అరను చూపించాడు. తక్కువ అంకె ఉన్న పెట్టే ఇంటికి వచ్చింది.

ఆ అర అలా నిండడానికి దాదాపు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. కన్సోల్ గెలుపుకు యంత్రబలం ముఖ్యమా, ఆ యంత్రంలో తప్ప ఇంకెక్కడా దొరకని గేములు ముఖ్యమా అన్న ప్రశ్న కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా లేస్తూనే ఉంది. చరిత్రను వరుసగా చూస్తే, ప్రశ్నను ఆ రెండు ముక్కలుగా విడగొట్టడంలోనే పొరపాటు ఉందని నాకు అనిపిస్తుంది. యంత్రబలం కొనేవాడి దగ్గరకు నేరుగా రాదు. గేములు తయారుచేసేవారి చేతుల మీదుగా వస్తుంది. వారికి ఏ యంత్రం మీద పని సులువు, ఏ యంత్రం మీద నష్టభయం తక్కువ అన్నదే చాలాసార్లు ఫలితాన్ని తేల్చింది.

ఒక గేము కోసం యంత్రాన్ని కొనే అలవాటు 1980లో స్థిరపడింది. అటారీ సంస్థ 1977లో విడుదల చేసిన కన్సోల్ మొదట్లో నింపాదిగా అమ్ముడుపోతూ ఉండేది. జపాన్ ఆర్కేడ్లలో, అంటే నాణెం వేసి ఆడే గేముల దుకాణాల్లో, పేరు మోసిన స్పేస్ ఇన్‌వేడర్స్ గేముకు హక్కులు కొని 1980లో ఇంటి యంత్రానికి తెచ్చాక అమ్మకాలు ఒక్కసారిగా ఎగిశాయి. అయితే ఆ యంత్రానికి తాళం లేదు. అటారీలో తమకు పేరూ వాటా దక్కడం లేదని బయటకు వచ్చిన ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్‌ను స్థాపించి, అదే యంత్రానికి సొంతంగా గేములు అమ్మారు. వారి గేములు బాగున్నాయి. వారిని చూసి దిగినవారిలో చాలామందివి బాగులేవు. నాసిరకం సరుకు దుకాణాలను ముంచెత్తింది, 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది.

ఆ శిథిలాల మీద జపాన్ సంస్థ నింటెండో కట్టుకున్న కోటకు తలుపులు చాలా గట్టివి. 1985లో అమెరికాకు వచ్చిన ఎన్ఈఎస్ యంత్రంలో ఒక తాళపు చిప్ ఉండేది. నింటెండో అనుమతి లేని కార్ట్రిడ్జ్ (మనం క్యాసెట్ అనే గేము డబ్బా) పెడితే యంత్రం నడవదు. అనుమతి కావాలంటే షరతులకు ఒప్పుకోవాలి: ఏడాదికి ఐదు గేములకు మించి తేకూడదు, తెచ్చిన గేమును రెండేళ్ళపాటు పోటీ యంత్రానికి ఇవ్వకూడదు. ఈనాడు మనం ఎక్స్‌క్లూజివ్, అంటే ఒకే యంత్రానికి పరిమితమైన గేము, అంటున్నది ఒప్పందపు రూపంలో బలపడింది ఇక్కడే.

మన ఊళ్ళలో ఆ తాళం పనిచేయలేదన్నది వేరే సంగతి. అదే యంత్రానికి జపాన్ రూపంగా నింటెండో అక్కడ అమ్మిన ఫామికామ్‌లో ఆ చిప్ అసలు లేదు, దాన్ని చూసి చేసిన నకలు యంత్రాలే టీవీ గేముల పేరిట మన ఇళ్ళకు చేరాయి. పెట్టె మీద వందల గేములని రాసి ఉన్న క్యాసెట్‌లో తిప్పి తిప్పి అవే పదో ఇరవయ్యో ఉండేవి. తెర మీద బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి అడుగున ఉఫ్ అని ఊది మళ్ళీ గుచ్చేవాళ్ళం. నింటెండో పేరే వినకుండా మారియోను ఆడుతూ పెరిగిన తరం మాది.

యంత్రబలాన్ని ప్రచారాస్త్రంగా మార్చింది నింటెండోకు పోటీ సంస్థ సెగా. నింటెండో యంత్రం 8 బిట్లది (ప్రాసెసర్ ఒక్కసారిగా పట్టే సమాచారపు కొలత) కాగా సెగా 1988లో జపాన్‌లో, మరుసటి ఏడాది అమెరికాలో 16 బిట్ల యంత్రాన్ని దించి, ఆ అంకెనే పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసింది. కానీ అమెరికాలో దాని అమ్మకాలు నిజంగా ఊపందుకున్నది 1991లో సోనిక్ అనే గేము వచ్చి, దాన్ని యంత్రంతో పాటే కలిపి ఇచ్చినప్పుడు. ఆ నీలిరంగు ముళ్ళపంది పరుగు చూస్తేనే 16 బిట్ల వేగం అంటే ఏమిటో పిల్లలకు అర్థమైంది. బలమూ గేమూ ఒకదాన్నొకటి మోసుకెళ్ళిన అరుదైన సందర్భమది.

అదే కాలంలో చేతిలో పట్టుకుని ఆడే యంత్రాల దగ్గర కథ తిరగబడింది. నింటెండో గేమ్ బాయ్ తెర మీద రంగులు లేవు, నాలుగు ఛాయలే. సెగా గేమ్ గియర్, అటారీ లింక్స్ రంగు తెరలతో వెలిగిపోయేవి, కానీ ఆరేసి బ్యాటరీలను కొన్ని గంటల్లోనే తాగేసేవి. నాలుగు బ్యాటరీలతో ప్రయాణమంతా నడిచే గేమ్ బాయ్‌లో ముక్కలు పేర్చే టెట్రిస్ గేము ఉంది. తర్వాత వచ్చిన రంగుల మోడల్‌తో కలిపి గేమ్ బాయ్ 11.87 కోట్లు అమ్ముడుపోయింది. దాన్ని రూపొందించిన గుంపే యొకోయ్ పాతబడి చవకైన సాంకేతికతను కొత్త తీరులో వాడాలని నమ్మిన మనిషి.

ఈ చరిత్రలో నేను ఎక్కువసేపు ఆగాలనుకునే చోటు 1990ల నడిమి కాలం. నింటెండోతో కలిసి సీడీ యంత్రం తయారుచేయబోయిన సోనీని 1991లో నింటెండో నడిబజారులో వదిలేసి ఫిలిప్స్‌తో చేయి కలిపింది. ఆ అవమానం నుంచి పుట్టిందే ప్లేస్టేషన్. 1995 మే నెలలో లాస్ ఏంజెలిస్ ప్రదర్శనలో సెగా తన శాటర్న్ ధర 399 డాలర్లని ప్రకటించింది. ఆ తర్వాత వేదిక ఎక్కిన సోనీ ప్రతినిధి "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. ధర ఒక ఎత్తు, లోపలి అమరిక మరో ఎత్తు. శాటర్న్‌లో రెండు ప్రాసెసర్లు ఉన్నా వాటిని సమన్వయం చేస్తూ ప్రోగ్రాం రాయడం తలనొప్పి వ్యవహారం. ప్లేస్టేషన్‌కు సీ భాషలో రాసుకునే వీలు, ముందే రాసిపెట్టిన కోడ్ లైబ్రరీలు సోనీయే అందించింది.

1996లో వచ్చిన నింటెండో 64 కాగితం మీద ప్లేస్టేషన్‌ను మించిన యంత్రమే. కానీ నింటెండో కార్ట్రిడ్జ్‌ను వదల్లేదు. కార్ట్రిడ్జ్‌లో గేము చిటికెలో మొదలవుతుంది, కాపీ చేయడం కష్టం. అయితే పట్టేది తక్కువ, తయారీ ఖర్చు ఎక్కువ. సూపర్ మారియో 64 మొత్తం 8 మెగాబైట్లు, ఒక సీడీలో 650 మెగాబైట్లు పడతాయి. పైగా కార్ట్రిడ్జ్‌లు ముందుగానే ఆర్డరు పెట్టి డబ్బు కట్టాలి. గేము అమ్ముడుపోకపోతే ఆ సరుకంతా ప్రచురణకర్త నెత్తినే. సీడీలైతే అమ్ముడుపోయిన కొద్దీ చవకగా మళ్ళీ అచ్చొత్తుకోవచ్చు. అంతవరకూ నింటెండో యంత్రాల మీదే పెరిగిన ఫైనల్ ఫాంటసీ వరుసలో ఏడో గేము 1997లో మూడు సీడీలుగా ప్లేస్టేషన్ మీద వచ్చింది. మారియో, జెల్డా, గోల్డెన్‌ఐ వంటి ఉద్దండులు తన దగ్గరే ఉన్నా నింటెండో 64 అమ్మకాలు 3.29 కోట్ల దగ్గర ఆగాయి, ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది. సొంత గేములు ఎంత గొప్పవైనా, బయటి తయారీదారులు వెళ్ళిపోతే అల్మారా నిండదని అప్పుడు తేలింది.

మరుసటి తరంలో ప్లేస్టేషన్ 2 ప్రాసెసర్ వేగం సుమారు 294 మెగాహెర్ట్జ్, మైక్రోసాఫ్ట్ తొలి ఎక్స్‌బాక్స్‌ది 733. ఎక్స్‌బాక్స్‌కు హేలో వంటి గేము కూడా తోడుంది. అయినా అది 2.4 కోట్ల దగ్గర నిలిచిపోతే ప్లేస్టేషన్ 2 అమ్మకాలు 16 కోట్లు దాటాయి. ఏడాదికి పైగా ముందుగా రావడం, డీవీడీ సినిమాలు కూడా చూపించడం, 2001లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3 మొదట దాని మీదే రావడం, అన్నీ కలిసొచ్చాయి.

విజయం తలకెక్కితే ఏమవుతుందో 2006లో సోనీయే చూపించింది. ప్లేస్టేషన్ 3 లోని సెల్ ప్రాసెసర్ ఇంజినీరింగ్ పరంగా అబ్బురమే: ఒక ప్రధాన కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం), దాని చుట్టూ పనులు పంచుకునే చిన్న కోర్లు. కానీ ఏ పని ఏ కోర్‌కు ఇవ్వాలి, దానికి కావలసిన డేటాను దాని చిన్న మెమొరీలోకి ఎప్పుడు చేర్చాలి అన్నది ప్రోగ్రామరే చూసుకోవాలి. దానికీ మైక్రోసాఫ్ట్ పోటీ యంత్రం ఎక్స్‌బాక్స్ 360కీ వచ్చిన గేములు చాలాకాలం ఎక్స్‌బాక్స్ మీదే సాఫీగా నడిచాయి. ధర చూస్తే 499, 599 డాలర్లు. అదే ఏడాది నింటెండో 249 డాలర్లకు వీ అనే యంత్రాన్ని తెచ్చింది. దానికి హెచ్‌డీ బొమ్మ కూడా రాదు, కానీ చేతిని ఊపితే తెర మీద టెన్నిస్ బ్యాట్ ఊగుతుంది. అది 10 కోట్లు దాటింది. ప్లేస్టేషన్ 3 ధర తగ్గించుకుని, మంచి గేములు పేర్చుకుని కోలుకునేసరికి ఏళ్ళు పట్టింది.

ఇక్కడిదాకా చదివినవారు గేములదే పైచేయి అనుకునే వీలుంది. అలా అనుకోకుండా ఆపేది వీ తర్వాత నింటెండో తెచ్చిన వీ యూ కథ. 2012లో వచ్చిన ఆ యంత్రంలో నింటెండో సొంత గేములకు లోటు లేదు, 2014లో వచ్చిన మారియో కార్ట్ 8 అందులో ఒకటి. అయినా యంత్రం 1.36 కోట్లకే చతికిలబడింది. అది కొత్త కన్సోలా, పాత వీకి తగిలించుకునే పరికరమా అన్నదే చాలామందికి బోధపడలేదు, బయటి తయారీదారులు త్వరగానే ముఖం చాటేశారు. ఆ యంత్రం మీద సుమారు 84 లక్షలు అమ్ముడైన అదే మారియో కార్ట్ 8, కొద్ది మార్పులతో 2017లో నింటెండో తర్వాతి యంత్రం స్విచ్ మీదకు వచ్చి 6 కోట్లు దాటింది. గేము అదే, ట్రాకులు అవే. మారింది యంత్రం. స్విచ్ కూడా ప్లేస్టేషన్ 4 ముందు బలహీనమే, కానీ ఇంట్లో టీవీకీ దారిలో చేతికీ ఒకే యంత్రం సరిపోతుందన్న సంగతి చూడగానే అర్థమవుతుంది.

2013లో మాత్రం బలమూ ధరా ఒకే వైపు చేరాయి. ప్లేస్టేషన్ 4 సామర్థ్యం 1.84 టెరాఫ్లాపులు, ధర 399 డాలర్లు. ఎక్స్‌బాక్స్ వన్ 1.31 టెరాఫ్లాపులు, కినెక్ట్ కెమెరాతో కలిపి 499 డాలర్లు. ఆ ఓటమి మామూలు ఓటమి కాదని, జనం డిజిటల్ గేములు కొని దాచుకోవడం మొదలుపెట్టిన తరాన్నే తాము పోగొట్టుకున్నామని అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2023లో బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఖాతాలో వంద గేములున్నవాడు, స్నేహితులంతా అక్కడే ఉన్నవాడు, ఎదుటి యంత్రంలో రెండు టెరాఫ్లాపులు ఎక్కువున్నాయని ఇల్లు మారడు. మారతహళ్ళి దుకాణంలో ఆకుపచ్చ డబ్బాలు మూలన పడిన తీరుకు మొదలు అక్కడే ఉంది.

మన దేశానికి వస్తే, యంత్రబలం కంటే యంత్రం ఇంట్లో ఉండటమే ముఖ్యమనడానికి ఒక తెలుగు నేల ఉదాహరణ ఉంది. హైదరాబాదులోని అరోనా సంస్థ తయారుచేసిన హనుమాన్: బాయ్ వారియర్ 2009లో సోనీ ప్రచురణగా వచ్చింది. అప్పటికి ప్లేస్టేషన్ 3 బజారులోకి వచ్చి ఏళ్ళు గడిచాయి, కానీ ఆ గేము వచ్చింది ప్లేస్టేషన్ 2 కోసం. మన ఇళ్ళలో ఉన్నది అదే మరి. గేము నాణ్యతకు మంచి పేరు రాలేదు. యంత్రాన్ని ఎంచుకోవడంలో మాత్రం లెక్క తప్పలేదు.

ఇప్పుడు గోడలే కరుగుతున్నాయి. 2023లో అమెరికా కోర్టుకు చేరిన పత్రాల్లో రహస్యపు అంకెల మీద గీసిన గీతలు వాటిని సరిగా కప్పక సోనీ ఖర్చులు బయటపడ్డాయి: లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి 22 కోట్ల డాలర్లు, హొరైజన్ రెండో భాగానికి 21 కోట్లకు పైగా. అంత పెట్టుబడిని ఒక్క యంత్రం కొన్నవారి నుంచే రాబట్టడం కష్టమని సోనీ తన గేములను కొంత ఆలస్యంగా పీసీకి పంపడం మొదలుపెట్టింది. యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 68.7 బిలియన్ డాలర్లకు కొన్న మైక్రోసాఫ్ట్ అంతకంటే ముందుకు వెళ్ళి, 2024 నుంచి తన గేములను ఏకంగా ప్రత్యర్థి యంత్రాలకే ఇస్తోంది. కార్ల పందేల గేము ఫోర్జా హొరైజన్ 5 2025లో ప్లేస్టేషన్ 5 మీదకు వచ్చింది, హేలో కూడా వస్తుందని ఆ ఏడాదే ప్రకటించారు. 2001లో ఎక్స్‌బాక్స్ కొనడానికి కారణమే హేలో అన్నది గుర్తున్నవారికి ఇది చిన్న విషయం కాదు. నింటెండో ఒక్కటే తలుపులు ఇప్పటికీ బిగించి ఉంచింది.

గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3ను మొదట ప్లేస్టేషన్‌కే ఇచ్చిన రాక్‌స్టార్ సంస్థకు ఇప్పుడు బెంగళూరులో స్టూడియో ఉంది. 1997లో ఇక్కడ మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో కొని అందులో కలుపుకుంది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6ను ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ రెండు కన్సోళ్ళకూ ఒకేసారి ప్రకటించారు. ఆ గేము వచ్చిన రోజున రెండు యంత్రాల బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తానని ఒంగోలు అబ్బాయి ఇప్పటి నుంచే అంటున్నాడు. రెండో యంత్రం కింది అంతస్తులో ఎవరి దగ్గరో ఉందట.