కార్పొరేట్ కొలువు నుంచి కోర్టు హాలుకు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం జిల్లా కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టక ముందు నేను మూడేళ్లు హైదరాబాదులో కంపెనీలకు ఒప్పందాలు రాశాను. ఇప్పుడు అదే దారిలో రావాలనుకునే యువ న్యాయవాదులు, ముఖ్యంగా సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలో చదివినవారు, అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి.

అపోహ: ఒప్పందాలు బాగా రాసేవారికి దావా వేయడం సులువు.

వాస్తవం: ఒప్పందంలో జరగబోయేదాన్ని ఊహించి రాస్తాం; దావాలో జరిగిపోయినదాన్ని సాక్ష్యంతో నిలబెట్టాలి. నా మొదటి డబ్బు దావాలో వాదపత్రం చక్కగానే కుదిరింది కానీ, దానికి ఆధారమైన ఒప్పందాన్ని మార్క్ చేయించే (సాక్ష్యంగా కోర్టు రికార్డులో చేర్పించే) రోజున స్టాంపు చాలదని ఎదుటి న్యాయవాది లేచి అభ్యంతరం చెప్పారు. 1899 నాటి స్టాంపు చట్టం 35వ సెక్షన్ ప్రకారం అలాంటి పత్రాన్ని, తక్కువపడిన సుంకంతో పాటు పది రెట్ల జరిమానా కడితే తప్ప, సాక్ష్యంగా స్వీకరించరు. నా కక్షిదారు ఆ సొమ్ము కట్టాకే అది ఎగ్జిబిట్ ఏ-1 అయింది. ఒప్పందాలు రాసిన ఆ మూడేళ్లలో స్టాంపు సంగతిని నేను చివరి పేజీ లాంఛనంగానే చూశాను. ఆ పొరపాటు నాదే. ఈమెయిళ్లను సాక్ష్యంగా పెట్టేటప్పుడూ ఇంతే జాగ్రత్త కావాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంపై పరికరానికి బాధ్యుడైన వ్యక్తే కాక నిపుణుడు కూడా సంతకం చేయాలి.

అపోహ: కార్పొరేట్ అనుభవం జిల్లా కోర్టులో పనికిరాదు.

వాస్తవం: విశాఖలో వాణిజ్య వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానం ఉంది, వాణిజ్య న్యాయస్థానాల చట్టానికి 2018లో చేసిన సవరణతో ఈ వివాదాల కనీస విలువ కోటి రూపాయల నుంచి మూడు లక్షలకు తగ్గింది. పోర్టు, ఉక్కు కర్మాగారం చుట్టూ నడిచే సరఫరా, రవాణా వ్యాపారాల తగాదాల్లో ఇన్వాయిస్, డెలివరీ చలానా, వారంటీ షరతు చదవగలిగినవారికి నిజమైన బలం ఉంటుంది. అయితే అత్యవసర ఉపశమనం కోరని పక్షంలో దావా వేసే ముందు ఆ చట్టం 12ఏ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. సమన్లు అందిన 120 రోజుల్లో జవాబుదావా వేయకపోతే ఆ హక్కే పోతుంది కనుక, వాయిదా అడిగితే దొరుకుతుందన్న ధీమా ఇక్కడ ప్రమాదకరం.

అపోహ: ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా నమోదు) ఉంటే ఎప్పుడైనా వకాలత్ వేయవచ్చు.

వాస్తవం: కంపెనీలో పూర్తికాల జీతానికి పనిచేస్తున్నవారు బార్ కౌన్సిల్ 49వ నియమం ప్రకారం ఆ సంగతి రాష్ట్ర కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు నిలిపివేయాలి, ఉద్యోగం వదిలాక పునరుద్ధరించుకున్న తరువాతే కోర్టుకు రావాలి.

అపోహ: ఇంగ్లీషు బాగుంటే చాలు.

వాస్తవం: ఉత్తరాంధ్ర యాసలో సాక్షి చెప్పిన మాట ఇంగ్లీషులో నమోదయ్యేటప్పుడు అర్థం జారిపోతే, అక్కడికక్కడే లేచి సరిచేయించాల్సింది మీరే. నా దృష్టిలో క్రాస్ ఎగ్జామినేషన్‌లో సగం పని ఇదే.

డబ్బు సంగతి చివరికి ఉంచాను. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000 రూపాయలు, గ్రామాల్లో 15,000 ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది కానీ, అది సిఫారసు మాత్రమే. ఏడాది ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకుని రండి; సొంత కేసులు చేసుకోనిస్తారో లేదో సీనియర్‌ను చేరే ముందే మర్యాదగా అడగండి.