బయటి సవారీ: గుర్రంతో మళ్ళీ దారిన పడదాం (అపోహలు - వాస్తవాలు)

సొంత గుర్రం కొన్నవాళ్ళలో చాలామందికి కొంతకాలం తర్వాత ఒక దశ వస్తుంది. లాయానికి రావడం, సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) జీను వేసి ఇస్తే ఎక్కడం, అరీనాలో, అంటే ఇసుక పరిచిన సాధన మైదానంలో, అరగంట గుండ్రంగా తిప్పడం, దిగి కారెక్కి వెళ్ళిపోవడం. రౌతుకూ విసుగే, గుర్రానికీ విసుగే. బయటికి తీసుకెళ్దామంటే మాత్రం భయం. ఎప్పుడో ఒకసారి బెదిరి పరుగెత్తిందనో, ఎవరో చెప్పిన మాట మనసులో నాటుకుపోయిందనో ఆగిపోతారు. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు సవారీ నేర్పుతూ, రౌతులను వాళ్ళ గుర్రాలతో సహా పొలాల దారుల్లోకి తీసుకెళ్ళడం నా పని. ఆ ఆనందానికి అడ్డుపడుతున్నవి గుర్రం గుణం కన్నా మనలో పాతుకుపోయిన నమ్మకాలేనని నేను గట్టిగా అంటాను. తరచూ వినేవాటిని, ముఖ్యంగా గుర్రానికి హాని చేసేవాటిని ఇక్కడ విడమరుస్తున్నాను.

అపోహ: అసలైన సాధన అరీనాలోనే. బయట తిరగడం కాలక్షేపం.

చదునైన ఇసుకలో గుర్రం ఎక్కడ అడుగు వేయాలో ఆలోచించనక్కర లేదు. గట్టు దిగేటప్పుడు, రాళ్ళ మధ్య నడిచేటప్పుడు, వాగు దాటేటప్పుడు ప్రతి అడుగూ తనే చూసుకుని వేయాలి. ఎత్తు ఎక్కుతూ నెమ్మదిగా నడిస్తే వెనక కాళ్ళ కండరాలు, వీపు బలపడతాయి. అరీనాలో ఎన్ని చుట్లు తిప్పినా ఆ పని జరగదు. అమెరికాలో 1955 నుంచి జరుగుతున్న టెవిస్ కప్ సవారీలో గుర్రాలు సియెరా నెవాడా పర్వతాల మీదుగా 100 మైళ్ళు, అంటే సుమారు 160 కిలోమీటర్లు, 24 గంటల్లోపు పూర్తిచేయాలి. అది ముగిసే ఆబర్న్ పట్టణం శాక్రమెంటో దగ్గరే. ఆ వైపు ఉన్న తెలుగువాళ్ళు ఒకసారి వెళ్ళి, అక్కడికి చేరే గుర్రాలను చూడాలి. అందులో ముందు వచ్చినవాళ్ళకే కాదు, ముందు వరుసలో వచ్చిన గుర్రాల్లో ఎక్కువ ఆరోగ్యంగా నిలిచిన దానికి కూడా ప్రత్యేకంగా ఒక కప్పు ఇస్తారు. దాన్ని కాలక్షేపం అని ఎవరూ అనలేరు.

అపోహ: వెళ్ళేటప్పుడు పట్టించుకోని వస్తువుకే తిరిగి వచ్చేటప్పుడు బెదిరితే, అది నాటకం ఆడుతున్నట్టే.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. దీని వెనకే కొరడా దెబ్బ వస్తుంది.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సరిగ్గా ముందు కొంత, తోక వెనక కొంత మాత్రమే దానికి కనబడదు. చూపులో మనకున్నంత స్పష్టత ఉండదు గానీ కదలికను ఇట్టే పసిగడుతుంది. రంగుల్లో నీలం, పసుపు బాగా గుర్తుపడుతుంది. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా దానికి సరిగా తెలియదు. ధాన్యం కుప్ప మీద కప్పిన నీలం టార్పాలిన్ గాలికి లేస్తే అంతగా ఎందుకు హడలిపోతుందో ఇప్పుడు అర్థమవుతుంది: రంగూ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, కదలికా ఉంది, చప్పుడూ ఉంది. మండే ఎండలోంచి చింతతోపు నీడలోకో, వంతెన కింది చీకట్లోకో వెళ్ళమంటే ఆగిపోవడానికి కారణం వేరు. దాని కళ్ళు చీకటికి అలవాటు పడడానికి మన కళ్ళకంటే ఎక్కువ సమయం పడుతుంది.

ఒక కంటితో చూసినది రెండో కంటికి తెలియదని లాయాల్లో ఇంకో మాట చెబుతుంటారు. అదీ సరికాదు. మెదడులోని రెండు భాగాలనూ కలిపే నిర్మాణం గుర్రానికీ ఉంది. ఒక కంటితో నేర్చుకున్న గుర్తును రెండో కంటితో పోల్చుకోగలదని ప్రయోగాల్లో తేలింది. మరి తిరుగు దారిలో బెదురు ఎందుకు? అవతలి వైపు నుంచి చూస్తే ఆ వస్తువు ఆకారమే వేరు. అలవాటైన వస్తువునే కాస్త తిప్పి పెడితే గుర్రాలు కొత్తదాన్ని చూసినట్టే జంకడాన్ని పరిశోధకులు గమనించారు.

అందుకని బెదిరిన చోట నేను గుర్రాన్ని ముందుకు తోయను, వెంటనే వెనక్కి తిప్పను. అది భరించగల దూరంలో ఆపి చూడనిస్తాను. బిగుసుకున్న మెడ వదులై, తల దించి, ముక్కుతో ఊపిరి బుస్సున వదిలాక రెండు అడుగులు వేయిస్తాను. ముందు నడవడానికి అనుభవం ఉన్న గుర్రం తోడుంటే పని సగం తేలికవుతుంది. కుక్క మొరుగుతూ వెంటబడితే పారిపోవద్దు. గుర్రాన్ని కుక్క వైపు తిప్పి నిలబెడితే చాలా కుక్కలు అక్కడే ఆగిపోతాయి.

అపోహ: పైకి ధైర్యంగా కనబడితే చాలు. రౌతు లోపలి భయం గుర్రానికి తెలియదు.

రౌతు కొద్దీ గుర్రం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. కొంతమంది మనుషులు గుర్రాలను పట్టుకుని నడిపిస్తూ, కొన్నిసార్లు ఎక్కి సవారీ చేస్తూ ఒకే దారిలో పదేపదే వెళ్ళారు. చివరిసారి వెళ్ళేముందు, దారిలో గుర్రం పక్కన గొడుగు తెరుస్తామని వాళ్ళకు చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, దానితోపాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది. గుర్రానికి గొడుగు సంగతి తెలియదు, దాని మీదో పక్కనో ఉన్న మనిషి కంగారు మాత్రమే తెలుసు.

కాబట్టి భయాన్ని దాచుకోవడం కాదు, తగ్గించుకోవడం నేర్వాలి. ఊపిరి బిగబట్టకుండా ఉండడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళను పాట పాడమంటాను, నోటికి వచ్చిన పద్యమైనా సరే. గొంతు తెరుచుకుంటే నడుము సడలుతుంది, పగ్గాలు పట్టిన చేతులు మెత్తబడతాయి. అప్పటికీ గుండె దడదడలాడితే దిగి నడవండి. పరిస్థితి చేయి దాటకముందే దిగి, పగ్గాలను తల మీదుగా ముందుకు తీసి పట్టుకుని, గుర్రం భుజం పక్కన నడవాలి. ఎదురుగా నిలబడి లాగకూడదు. ఒకసారి దిగితే గుర్రం దాన్నే అలవాటు చేసుకుంటుందని కొందరు పాత శిక్షకులు హెచ్చరిస్తారు. నేను ఒప్పుకోను. పక్కన నిబ్బరంగా నడిచే మనిషిని చూసి గుర్రం నేర్చుకునేది ధైర్యమే.

అపోహ: రేసు నుంచి వచ్చిన గుర్రం బయటి దారులకు పనికిరాదు.

మలక్‌పేట రేసుకోర్సు నుంచి విరమించిన థరోబ్రెడ్ గుర్రాలు మన దగ్గర తక్కువ ధరకే దొరుకుతాయి కాబట్టి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. వాటి గత జీవితం చూడండి. రెండేళ్ళ వయసుకే పందెంలో దిగి ఉంటాయి. రోజులో ఎక్కువ భాగం లాయంలో, మిగతాది తోటి గుర్రాలతో ట్రాక్ మీద గడిచింది. ఒంటరిగా వెళ్ళడం, దారిలో ఆగి నిలబడడం వాటికి ఎవరూ నేర్పలేదు. పైగా రౌతు పగ్గాలు బిగించి పట్టుకుంటే దాని మీద వాలి పరుగు పెంచడం వాటికి అలవాటు. భయపడ్డ రౌతు చేసే మొదటి పని అదే. ఆపమని మీరు లాగుతారు, పరుగెత్తమన్నారని అది అనుకుంటుంది. ఒక పగ్గాన్ని బిగించి వదలడం, పక్కకు వంచి వలయంగా తిప్పడం, కూర్చున్న తీరుతో ఆపడం నెమ్మదిగా నేర్పాలి. కొన్ని నెలలు పడుతుంది. ఓపిక ఉన్నవాళ్ళ చేతుల్లో ఇవి చక్కటి సవారీ గుర్రాలవుతాయి. ఆ ఓపిక లేకపోతే కొనకండి.

అపోహ: వారమంతా విశ్రాంతి ఇచ్చి, ఉలవలు దండిగా పెడితే ఆదివారం పొడవు సవారీకి సత్తువ ఉంటుంది.

నగరంలో ఉద్యోగం చేసే యజమానులందరూ దీన్ని రెండుసార్లు చదవాలి. దాణా తగ్గించకుండా గుర్రాన్ని రోజుల తరబడి నిలబెట్టి, ఒక్కసారిగా పని చేయిస్తే కండరాలు దెబ్బతినే జబ్బు వస్తుంది. బండి గుర్రాలకు ఆదివారం సెలవిచ్చి సోమవారం కట్టిన కాలంలో దీన్ని 'సోమవారం జబ్బు' అనేవారు. సవారీ మొదలైన కాసేపటికే అడుగులు బిగుసుకుంటాయి, విపరీతంగా చెమట పడుతుంది, తుంటి కండరాలు రాయిలా గట్టిపడతాయి, మూత్రం ముదురు గోధుమరంగులోకి మారుతుంది. అప్పుడు ఒక్క అడుగు కూడా నడిపించకూడదు. నడిపిస్తే సర్దుకుంటుందని చెప్పేవాళ్ళ మాట వినకండి. అక్కడే నిలబెట్టి పశువైద్యుణ్ణి పిలిపించాలి. పని లేని రోజుల్లో దాణా తగ్గించి గడ్డి పెంచాలి, రోజూ కాసేపైనా లాయం బయట తిరగనివ్వాలి. మీరు రాలేని రోజు సైసు చేత నడిపించినా మేలే.

ఖాళీ కడుపుతో తీసుకెళ్ళడం కూడా తప్పు. గుర్రం పొట్ట దాని శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లే. అందులో ఆమ్లం మేసినా మేయకపోయినా ఊరుతూనే ఉంటుంది. దాణా సవారీకి గంటల ముందే అయిపోవాలి గానీ, బయలుదేరేముందు కొంచెం ఎండుగడ్డి నమలనిస్తే ఆ ఆమ్లం పొట్ట పైభాగానికి ఎగజిమ్మకుండా ఉంటుంది.

అపోహ: చెమటతో ఉన్న గుర్రానికి నీళ్ళు తాగించకూడదు, చన్నీళ్ళు పోయకూడదు.

ఇది మన ప్రాంతంలో గుర్రాలను నిజంగా ప్రమాదంలో పడేస్తున్న నమ్మకం. చెమటలో ఉండగా నీళ్ళు తాగితే కడుపునొప్పి వస్తుందనీ, చన్నీళ్ళు పోస్తే కండరాలు పట్టేస్తాయనీ అంటారు. ఎండలో గట్టిగా పనిచేస్తే గుర్రం గంటకు 10 లీటర్లకు పైగా చెమట పోయగలదు. ఆ చెమటలో మన చెమటకంటే లవణాలు ఎక్కువ. నీళ్ళతోపాటు ఉప్పూ పోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గినా దాహం వేయకపోవచ్చు. తాగడానికి అది ముందుకు వచ్చిన క్షణంలో మనం బకెట్ పక్కకు లాగేస్తే, ఆ తర్వాత అసలు తాగకపోవచ్చు. దారిలో శుభ్రమైన నీళ్ళు కనబడిన ప్రతిచోటా తాగనివ్వండి. లాయంలో ఉప్పు గడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

1996 అట్లాంటా ఒలింపిక్స్ ఎండాకాలపు ఉక్కలో జరగబోతున్నాయని తెలిసి, అప్పట్లో గుర్రాలను చల్లబరచడం మీద విస్తృతంగా పరిశోధించారు. చల్లటి నీళ్ళను ఒళ్ళంతా ధారాళంగా పోస్తూ ఉండడమే వేడిని త్వరగా దించుతుందని తేలింది. నీళ్ళు పోసి తుడిచి, మళ్ళీ పోసి తుడిచే పాత పద్ధతి అవసరం లేదు, పోస్తూనే ఉండాలి. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ కింద నాడి పట్టుకుని లెక్కపెట్టడం ప్రతి రౌతూ నేర్చుకోవాలి. దూరపు సవారీ పోటీల్లో విరామ సమయంలో ఆ సంఖ్య 64కు దిగితేనే సాధారణంగా ముందుకు వెళ్ళనిస్తారు. నేను బయటి సవారీల్లో కూడా అదే హద్దు పెట్టుకుంటాను. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది దాటాక లాయం వదలను.

మిగతావి కొన్ని త్వరగా. పెద్ద, ఖరీదైన గుర్రం కావాలన్నది నిజం కాదు. పాడేరు మన్యంలో రోడ్డు లేని గూడేలకు సరుకులు మోసేవి పొట్టి గుర్రాలే. బరువు మాత్రం చూసుకోవాలి: జీనుతో కలిపి మీ బరువు గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదు. 400 కిలోల మార్వారీ గుర్రానికి 80 కిలోలే గరిష్ఠం. హెల్మెట్ కొత్తవాళ్ళకే అన్నది మరో ప్రమాదకరమైన మాట. దారి పక్కన పచ్చగా ఉన్నదల్లా గుర్రానికి మేతే అనుకోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం. కంచెగా నాటిన గన్నేరు కొద్ది ఆకులతోనే ప్రాణం తీస్తుంది, ఆముదం గింజలూ అంతే. లేత జొన్న చేనులో మేసిన పశువులకు నాము పడుతుందని, అంటే విషం ఎక్కుతుందని, ఏ రైతును అడిగినా చెబుతాడు, గుర్రాన్నీ అక్కడ మూతి పెట్టనివ్వకండి. అసలు చేలోకి దిగే పనే పెట్టుకోవద్దు. గట్టు దాటాల్సి వస్తే రైతును అడిగి దాటండి. వానాకాలంలో తడి గట్ల మీదికి వెళ్ళొద్దు.

అపోహ: దౌడు తీయకపోతే సవారీలో సరదా ఏముంది?

బయటికి వెళ్ళడం మానేసిన వాళ్ళలో చాలామంది మొదట చెడగొట్టుకున్నది ఇక్కడే. ఖాళీ దారి కనబడగానే పరుగెత్తించారు, గుర్రం ఆ చోటుకు రాగానే పరుగెత్తాలని నేర్చుకుంది, తర్వాత ఆపలేకపోయారు. మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఇదీ: మొదటి కొన్ని సవారీలు ఇరవై నిమిషాలే, పూర్తిగా నడకలో, నిదానమైన గుర్రం ముందు నడుస్తుండగా. రెండు గుర్రాల మధ్య ఒక గుర్రం పొడవు ఖాళీ ఉండాలి. తన్నే అలవాటున్న దాని తోకకు ఎర్ర రిబ్బను కట్టాలి. నెమళ్ళు లేచినా, బోరు మోటారు మోగినా ఆగి చూసి ముందుకు సాగడం దానికి అలవాటయ్యాక కొంచెం ట్రాట్ (చిన్న పరుగు), ఎత్తు ఎక్కే చోట కాస్త కాంటర్ (అంతకన్నా వేగం, దౌడుకన్నా తక్కువ). చోటు ప్రతిసారీ మార్చాలి. ఇంటి వైపు తిరిగాక నడకే, చివరి కిలోమీటరు దిగి, తంగు (జీనును కట్టే పొట్ట కింది పట్టీ) వదులు చేసి పక్కన నడవండి. లాయానికి చేరాక గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయండి. తొడల మధ్య, చెవుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. జోరీగలు కుట్టిన చోట్లు గమనించండి, అవి సర్రా అనే రక్తంలో చేరే జబ్బును మోసుకొస్తాయి. మరుసటి రోజు ఉదయం నాలుగు కాళ్ళూ తడిమి, వాపు గానీ వేడి గానీ లేదని తేలాకే తర్వాతి సవారీకి రోజు అనుకోండి.