గూడబాతులు, రెండు ఆటోలు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలం పొద్దున చెట్ల కింద నిలబడితే ముందు రెట్టల వాసన తెలుస్తుంది, ఆ తర్వాత చప్పుడు. తలెత్తి చూస్తే గూడబాతు (పెలికాన్) పిల్ల తల్లి ముక్కు సంచిలోకి మెడదాకా దూరి చేపలు తింటూ ఉంటుంది. పక్క కొమ్మ మీద ఎర్రకాళ్ల కొంగలు. ఏటా వచ్చి, గూళ్లు కట్టుకుని, పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్లిపోతాయి. ఇవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే వాటిని అదిలించరు.

ఇబ్బందంతా చూడ్డానికి వచ్చేవాళ్లతోనే. హారన్ మోగినా, గూటి కింద గుంపు చేరినా పెద్ద పక్షి లేచిపోతుంది. ఆ కాసేపట్లో కాకి గుడ్డు ఎత్తుకుపోవచ్చు, పసికూన ఎండకు సొమ్మసిల్లవచ్చు.

గేమ్ థియరీ పనికొచ్చేది ఇలాంటి చోటే. మన లాభం పక్కవాడు చేసే పని మీద కూడా ఆధారపడినప్పుడు ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారో లెక్కగట్టే గణితం అది. టెక్కలి నుంచి జనాన్ని తెచ్చే ఆటోలు రెండున్నాయనుకుందాం. ఇద్దరూ ఊరి మొదట్లోనే ఆపితే రోజుకు చెరో 500 రూపాయలు. ఒకరే చెట్టు కిందదాకా తీసుకెళ్తే బేరాలు అటే పోయి అతనికి 600, రెండో అతనికి 200. ఇద్దరూ వెళ్తే పక్షులు పలచబడి, జనం తగ్గి చెరో 300. అంకెలు నేను ఊహించినవే, కానీ లెక్క చూడండి. అవతలివాడు దూరంగా ఆపితే దగ్గరికెళ్లడం నాకు లాభం, 500 బదులు 600. అతను దగ్గరికెళ్లినా అదే లాభం, 200 బదులు 300. ఇద్దరూ ఇలాగే ఆలోచించి 300 దగ్గర ఇరుక్కుంటారు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. దీని పేరు ఖైదీల సందిగ్ధం. 1950లో ఫ్లడ్, డ్రెషర్ అనే గణితవేత్తలు దీన్ని రూపొందిస్తే, ఖైదీల కథ అల్లి ఆ పేరు పెట్టింది టకర్ అనే మరో గణితవేత్త.

అయితే ఈ ఇద్దరూ రేపు కూడా అదే స్టాండులో ఎదురుపడాలి. దూరంగానే ఆపుదామని ఇద్దరూ అనుకున్నాక, ఇవాళ ఒకరు మాట తప్పితే అతనికి 100 ఎక్కువొస్తుంది. రేపటి నుంచి రెండో అతనూ తప్పితే రోజుకు 200 పోతుంది. పదే పదే ఆడే ఆటలో సహకారమే గిట్టుబాటు కావచ్చు. టూరిస్టుకు మాత్రం రేపు లేదు. అరగంటలో ఫొటో తీసుకుని వెళ్లిపోతాడు.

అందరి సొత్తును ఎవరి లాభం వాళ్లు చూసుకుని అతిగా వాడి పాడుచేస్తారని 1968లో గారెట్ హార్డిన్ అనే జీవావరణ శాస్త్రవేత్త రాశాడు. రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ ఒప్పుకోలేదు. సాగునీరు, చేపల వేట, అడవి తామే చూసుకునే ఊళ్లను పరిశీలించి, అలా కానక్కర్లేదని చూపించింది. ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమే, 2009లో. వాడుకునేవాళ్లే నియమం పెట్టుకుని, వాళ్లే కాపలా కాసి, తప్పుకు మొదట చిన్న జరిమానా, మళ్లీ చేస్తే పెద్దది వేసే చోట వనరు నిలిచిందని ఆమె గమనించింది. మన మత్స్యకార పల్లెల్లో దీన్ని కట్టుబాటు అంటారు.

ఆటోస్టాండులో సీరియల్, అంటే వంతుల వరుస కూడా కట్టుబాటే. వంతు ప్రకారం బేరం వస్తే, చెట్టు కిందదాకా వెళ్లినందుకు అదనంగా ఒక్కరూ ఎక్కరు. ఆ 600 లెక్కలోంచే పోతుంది. టూరిస్టు దగ్గర ఊరి మొదట్లో కొంత డిపాజిట్ తీసుకుని, గూళ్ల జోలికి పోకుండా తిరిగొస్తే ఇచ్చేయొచ్చు. నాకైతే ఊరి కుర్రాళ్లు బైనాక్యులర్లు అద్దెకివ్వడం ఇంకా నచ్చుతుంది. సంచిలో తల దూర్చిన ఆ కూన దూరం నుంచే కనబడితే, చెట్టు కిందకి ఎవరు పోతారు?