రీస్టార్ట్‌తో చెరిగిపోయే గిగాహెర్ట్జ్

"లినక్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని 3 గిగాహెర్ట్జ్‌కి తగ్గిస్తే ఫ్యాన్ హోరు తగ్గింది. రీస్టార్ట్ చేయగానే మళ్లీ మొదటికొచ్చింది. శాశ్వతంగా ఉండాలంటే ఏం చేయాలి? 3కి బదులు 1 పెడితే కరెంటు ఇంకా ఆదా అవుతుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు ఐదారు లైన్ల ఫైలు. అసలు రుచి రెండో ప్రశ్నలో ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

క్లాక్ అంటే చిప్ అడుగులకు తాళం వేసే టిక్కుల వరస, కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగం. అంతకు మించిన వివరాలు వదిలేద్దాం. చిప్‌లో ప్రతి ట్రాన్సిస్టర్ గేటూ ఒక బుల్లి కెపాసిటరే. 0 నుంచి 1కి మారితే అది నిండాలి, 1 నుంచి 0కి మారితే ఖాళీ కావాలి. సన్నగా నిలువుగా ఉన్న ఒక తొట్టిని ఊహించుకోండి. దాని ఎత్తే వోల్టేజి. నీళ్లు మోసుకెళ్లి పై అంచు మీంచి పోయాలి. తొట్టి ఎత్తు రెట్టింపు చేశామనుకోండి, పట్టే నీళ్లు రెట్టింపవుతాయి. ఆ నీళ్లను మోయాల్సిన ఎత్తూ రెట్టింపవుతుంది. అంటే శ్రమ నాలుగింతలు. అందులో సగం, పై నుంచి అడుక్కి పడే నీటి తాకిడిలోనే పోతుంది. మిగతా సగం తొట్టిని ఒంపినప్పుడు పోతుంది. ఒక్క చుక్క శ్రమ కూడా తిరిగి రాదు, చిప్‌లో అదంతా వేడిగా మారుతుంది. సెకనుకు ఎన్నిసార్లు నింపి ఒంపుతున్నామన్నది ఫ్రీక్వెన్సీ. కాబట్టి ఖర్చయ్యే పవర్ = కెపాసిటెన్స్ × వోల్టేజి వర్గం × ఫ్రీక్వెన్సీ.

ఈ సూత్రంలో ఫ్రీక్వెన్సీకి ఉన్నది ఒకటో ఘాతమే, వోల్టేజికి రెండోది. పాఠాల్లో గిగాహెర్ట్జ్ గురించి గంటసేపు చెప్పి వోల్టేజిని ఒక్క వాక్యంతో దాటేస్తారు గానీ, నిజానికి ఖర్చంతా అక్కడే. పైగా ఈ రెండూ జంటగా నడుస్తాయి. క్లాక్ తర్వాతి టిక్కు వచ్చేలోపు గేటు నిండి తీరాలి. టిక్కులు దగ్గరైతే త్వరగా నిండాలి, త్వరగా నిండాలంటే ట్రాన్సిస్టర్‌లోంచి ఎక్కువ కరెంటు పారాలి, అది పారాలంటే వోల్టేజి పెంచాలి. పెంచకపోతే గేటు సగమే నిండుతుంది, లెక్క తప్పుతుంది, కంప్యూటర్ బిగుసుకుపోతుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక చిప్ 4 గిగాహెర్ట్జ్ దగ్గర 1.2 వోల్ట్‌లతో 80 వాట్లు తింటుంది, ఒక పని 60 సెకన్లలో ముగిస్తుంది. అంటే 4,800 జౌళ్లు (వాట్లు × సెకన్లు). 3 గిగాహెర్ట్జ్‌కి 0.95 వోల్ట్ చాలు. ఫ్రీక్వెన్సీ 0.75 వంతు, వోల్టేజి వర్గం 0.63 వంతు, కలిపి పవర్ 0.47 వంతు, అంటే దాదాపు 37.6 వాట్లు. పనికి 80 సెకన్లు పడుతుంది, ఖర్చు సుమారు 3,010 జౌళ్లు. కాలం మూడో వంతు పెరిగింది, శక్తి మూడో వంతుకు పైగానే తగ్గింది. ఫ్యాన్ హోరు తగ్గిందంటే ఇందుకే.

ఇక్కడిదాకా చూస్తే 1 గిగాహెర్ట్జ్ ఇంకా మేలనిపిస్తుంది. కానీ వోల్టేజికి ఒక నేల ఉంటుంది, అంతకన్నా తగ్గితే ట్రాన్సిస్టర్లు నమ్మకంగా పనిచేయవు. ఆ నేల 0.8 వోల్ట్ అనీ, దానితో 2 గిగాహెర్ట్జ్ వరకు నడుస్తుందనీ అనుకుందాం. 2 దగ్గర 17.8 వాట్లు, 120 సెకన్లు, 2,130 జౌళ్లు. 1 దగ్గర 8.9 వాట్లు, 240 సెకన్లు, మళ్లీ అదే 2,130. వోల్టేజి తగ్గలేదు కాబట్టి పైసా లాభం లేదు, ఆలస్యం మాత్రం రెట్టింపు. ఇప్పుడు మదర్‌బోర్డు, మెమరీ, డిస్కు, ఫ్యాన్లు కలిపి 30 వాట్లు నిలకడగా తింటున్నాయని కలపండి. పని అయ్యాక కంప్యూటర్ ఆపేసే పక్షంలో మొత్తం ఖర్చు 4 గిగాహెర్ట్జ్ దగ్గర 6,600, 3 దగ్గర 5,410, 2 దగ్గర 5,730, 1 దగ్గర 9,330 జౌళ్లు. అన్నిటికన్నా నెమ్మదిగా నడిపిందే అన్నిటికన్నా ఎక్కువ తినేసింది! కంప్యూటర్ రోజంతా ఎలాగూ వెలుగుతూనే ఉంటుందంటే ఆ 30 వాట్లను లెక్కలోంచి తీసేయవచ్చు. అప్పుడు కూడా 2 కన్నా కిందికి దిగితే దమ్మిడీ మిగలదు. చిప్‌లో ఊరికే కారిపోయే లీకేజీ కరెంటును కలిపితే పరిస్థితి ఇంకా అధ్వానం.

కాబట్టి తగ్గించాల్సింది పై కొస, అంటే గరిష్ఠ వేగం. కింది కొసను కెర్నెల్‌కి (హార్డ్‌వేర్‌ని నడిపించే లినక్స్ మూల ప్రోగ్రామ్) వదిలేయడమే మంచిది. క్లాక్ ముట్టుకుంటే చిప్ కాలిపోతుందన్న భయం ఒకటి జనంలో ఉంది. అది ఓవర్‌క్లాకింగ్‌కి, అంటే తయారీదారు పరిమితిని మించి నడపడానికి, సంబంధించిన భయం. ఇక్కడ మనం కదిలేది తయారీదారు గీసిన గీతల లోపలే.

ఇక ఆచరణ. కింద చెప్పే ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నా, టైపు చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో. రూట్‌లో 'సిస్' ఫోల్డర్, అందులో డివైసెస్, సిస్టమ్, సీపీయూ. అక్కడ సీపీయూ0, సీపీయూ1 అని ఒక్కో లాజికల్ కోర్‌కి ఒక్కో ఫోల్డర్, ప్రతి దానిలో సీపీయూఫ్రెక్. ఆ ఫోల్డరే లేకపోతే బయోస్‌లో (కంప్యూటర్ వెలగగానే తెరుచుకోగల సెట్టింగ్స్) వేగం మార్చే స్పీడ్‌స్టెప్ లేదా కూల్ ఎన్ క్వయెట్ ఆపేసి ఉందేమో చూడాలి. అందులో 'స్కేలింగ్ డ్రైవర్' ఫైలును ముందు చదవండి, మిగతా అర్థాలన్నీ దాన్నిబట్టే మారతాయి. ఏసీపీఐ సీపీయూఫ్రెక్ డ్రైవర్ అయితే 'పవర్‌సేవ్' గవర్నర్ (వేగం ఎలా మారాలో నిర్ణయించే కెర్నెల్ పద్ధతి) పెట్టగానే చిప్‌ని కనిష్ఠ వేగానికి కట్టేస్తుంది, పైన చూసిన 9,330 జౌళ్ల దారి అదే. ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్ యాక్టివ్ పద్ధతిలో ఉంటే అదే పేరున్న గవర్నర్ అలా చేయదు, పనినిబట్టి వేగాన్ని మారుస్తుంది. ఒకరికి పనికొచ్చిన సలహా ఇంకొకరి కంప్యూటర్‌ని నత్తనడకకు దించడానికి మొదటి కారణం ఇదే. గవర్నర్‌ని డిస్ట్రిబ్యూషన్ పెట్టినట్టే ఉంచి, 'స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రెక్' ఒక్కటి మార్చడం అన్ని డ్రైవర్ల మీదా ఒకే అర్థం ఇచ్చే పని.

ఆ ఫైల్లో అంకె కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది. 3 గిగాహెర్ట్జ్ అంటే 3000000. పొరపాటున 3000 రాస్తే కెర్నెల్ దాన్ని 3 మెగాహెర్ట్జ్‌గా చదివి, అంత తక్కువ కుదరదు కాబట్టి చిప్ కనిష్ఠానికి బిగించేస్తుంది. మౌస్ కూడా ఈడ్చుకుంటూ కదులుతుంది. ఇంకో చిక్కు: సుడో (అడ్మిన్ అధికారంతో ఆదేశం నడిపేది) పెట్టి ఎకో (ఇచ్చిన అక్షరాలను బయటికి రాసేది) చేసి, బాణం గుర్తుతో ఫైల్లోకి పంపితే 'పర్మిషన్ డినైడ్' అంటుంది. సుడో వర్తించేది ఎకోకి మాత్రమే, ఫైలు తెరిచేది మీ మామూలు షెల్ (మీరు టైపు చేసే ఆదేశాలు అందుకునే ప్రోగ్రామ్). ఎకో ఫలితాన్ని పైపు గుర్తుతో 'సుడో టీ'కి ఇస్తే సరిపోతుంది. సీపీయూ0కి రాసి మిగతా కోర్లను మరిచిపోవడం కూడా మామూలే. చాలా చిప్‌లలో ఒక్కో కోర్‌కి విడి పాలసీ (వేగ పరిమితుల సెట్టింగ్) ఉంటుంది. 'సీపీయూపవర్' ఉపకరణం వాడితే ఈ మూడు తలనొప్పులూ ఉండవు. 'సీపీయూపవర్ ఫ్రీక్వెన్సీ-సెట్' తర్వాత హైఫన్ యు, ఆ వెనక 3గిగాహెర్ట్జ్ (మూడు అంకె, దానికి అతుక్కుని యూనిట్ సంక్షిప్తం) అంటే అన్ని కోర్లకూ ఒకేసారి పడుతుంది. దీని ప్యాకేజీ పేరు డెబియన్‌లో లినక్స్-సీపీయూపవర్, ఫెడోరాలో కెర్నెల్-టూల్స్.

రీస్టార్ట్‌లో ఎందుకు పోతోందంటే, 'సిస్' అన్నది డిస్కు మీద ఉండదు. కెర్నెల్ తన లోపలి అంకెలను ఫైళ్ల రూపంలో చూపిస్తుందంతే. కెర్నెల్ ఆగితే అవీ పోతాయి. అందుకే ప్రతి స్టార్టప్‌లో ఎవరో ఒకరు మళ్లీ రాయాలి. ఆ ఎవరో ఒక సిస్టమ్‌డీ సర్వీసు (సిస్టమ్‌డీ అంటే స్టార్టప్‌లో ఏవేవి నడవాలో చూసుకునే ప్రోగ్రామ్). ఈటీసీ, సిస్టమ్‌డీ, సిస్టమ్ ఫోల్డర్లో చుక్క సర్వీస్‌తో ముగిసే ఫైలు ఒకటి సృష్టించండి. సర్వీస్ విభాగంలో టైప్ విలువ వన్‌షాట్, ఎగ్జెక్‌స్టార్ట్‌లో సీపీయూపవర్ పూర్తి దారితో పై ఆదేశం. ఇన్‌స్టాల్ విభాగంలో వాంటెడ్‌బై విలువ మల్టీ-యూజర్ చుక్క టార్గెట్. తర్వాత సిస్టమ్‌సీటీఎల్‌తో డీమన్-రీలోడ్, ఆపై ఎనేబుల్. స్టార్ట్ మాత్రమే చేసి ఎనేబుల్ మరిచిపోతే ఈరోజు పనిచేసి, రీస్టార్ట్ తర్వాత పనిచేయదు.

అయినా పోతోందంటే, మీ తర్వాత ఇంకెవరో రాస్తున్నారన్నమాట. ఇక్కడ చివర రాసినవాడిదే చెల్లుబాటు. ఉబుంటు పాత వెర్షన్లలో 'ఆన్‌డిమాండ్' అనే స్టార్టప్ స్క్రిప్టు సరిగ్గా 60 సెకన్లు నిద్రపోయి, లేచి గవర్నర్‌ని మార్చేసేది. లాగిన్ అయి చూస్తే అంతా బాగున్నట్టుండేది, నిమిషం తిరిగేసరికి మాయం. ఇప్పుడు ఆ పాత్ర పవర్ ప్రొఫైల్స్ డీమన్, ట్యూన్‌డీ, టీఎల్‌పీ వంటి పవర్ నిర్వహణ ప్రోగ్రాములది. వీటిలో ఒక్కటే నడవాలి. టీఎల్‌పీ వాడేవాళ్లు గరిష్ఠ వేగాన్ని దాని సెట్టింగ్స్ ఫైల్లోనే పెట్టుకోవాలి, విడిగా సర్వీసు రాయకూడదు. ఇంటెల్ పీస్టేట్‌లో గవర్నర్ 'పెర్ఫార్మెన్స్'గా ఉన్నప్పుడు ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ప్రిఫరెన్స్‌ని (వేగమా పొదుపా అని చిప్‌కి చెప్పే సెట్టింగ్) పొదుపు వైపు మార్చబోతే 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అని తిప్పికొడుతుంది. అది లోపం కాదు, ముందు గవర్నర్‌ని మార్చాలి.

విండోస్‌లో ఈ గొడవ తక్కువ. అడ్వాన్స్‌డ్ పవర్ ఆప్షన్స్‌లో 'మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్'ని 99 శాతం చేస్తే చాలా చిప్‌లలో టర్బో (బేస్ వేగాన్ని మించి కాసేపు పరుగెత్తడం) ఆగిపోతుంది. ఆ విలువ పవర్ ప్లాన్‌లోనే దాచి ఉంటుంది కాబట్టి రీస్టార్ట్‌ని తట్టుకుంటుంది.

సరిచూసుకోవడం ఎలాగంటే, బూట్ అయిన వెంటనే ఒకసారి, రెండు నిమిషాలాగి ఒకసారి, సస్పెండ్ నుంచి లేచాక ఒకసారి 'స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రెక్' చదవండి. అసలు వేగం కావాలంటే టర్బోస్టాట్ అనే లినక్స్ ఉపకరణంలో బిజీ మెగాహెర్ట్జ్ కాలమ్ చూడాలి. చిప్‌లో రెండు కౌంటర్లుంటాయి: ఒకటి నిజమైన క్లాక్‌తో, ఇంకొకటి మారని వేగంతో లెక్కిస్తుంది. కోర్ నిద్రపోతే రెండూ ఆగుతాయి. వాటి నిష్పత్తిని బేస్ వేగంతో గుణిస్తే, మెలకువగా ఉన్నంతసేపు కోర్ నడిచిన సగటు వేగం వస్తుంది. బరువైన పని నడుస్తుండగా ఆ కాలమ్ 3000 దగ్గర నిలబడితే సర్వీసు పనిచేస్తున్నట్టే. 2400కి జారుతోందంటే మాత్రం ఆపుతున్నది మీ సెట్టింగ్ కాదు, వేడి పరిమితో పవర్ పరిమితో. వేడి పరిమితే అయితే హీట్‌సింక్ దుమ్ము దులపాలి.