ముందు ఆయిల్ లెక్క, ఆ తర్వాతే కార్బన్

విజయవాడ

చిరంజీవులైన మనవళ్లకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

కొత్త టర్బో పెట్రోల్ కార్లు ఆయిల్ ఎందుకు తాగుతాయి, వాల్వులకు కార్బన్ ఎందుకు పడుతుంది అని అడిగారు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

పాత ఎంపీఎఫ్ఐ ఇంజన్లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు (సిలిండర్లోకి గాలిని వదిలే తలుపు లాంటిది) వెనక పడుతుంది. ఆ పెట్రోలే వాల్వును కడుగుతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకి వెళ్తుంది. వెన్యూ, సోనెట్ కార్లలో వచ్చే 1.0 టర్బో, టైగన్, కుషాక్ కార్ల టీఎస్ఐ ఇంజన్ ఈ రకమే. వీటిలో వాల్వు వెనక్కి వచ్చేది ముఖ్యంగా పీసీవీ గొట్టంలోంచి (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే గొట్టం) గాలితో కలిసి వచ్చే ఆయిల్ ఆవిరే. అది వేడి వాల్వు మీద మాడి, కడగని పెనానికి జిడ్డు కట్టినట్టు పొరలు పొరలుగా గట్టిపడుతుంది. అందుకే పెట్రోలు ట్యాంకులో పోసే క్లీనర్ డబ్బాలు ఈ వాల్వుల దాకా చేరవు. మంచి రకమైతే ఇంజెక్టర్ల మూతులను శుభ్రం చేస్తాయి, అంతవరకే.

కాబట్టి కార్బన్ గోకించే ముందు ఆయిల్ లెక్క తేల్చండి. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, వేడి ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే గీతల కడ్డీ) చూడండి. ఆయిల్‌ను మ్యాక్స్ గీతకు తెచ్చి కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. 1,000 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి. చిన్న కార్లు చాలావాటిలో మ్యాక్స్, మిన్ గీతల మధ్య దాదాపు లీటరు తేడా ఉంటుంది. అంటే సగానికి దిగితే అర లీటరు పోయినట్టు. మామూలు ఎంతో కారు మాన్యువల్లోనే ఉంటుంది, అంతకు మించితేనే కంగారు పడండి.

ఈ లెక్కలో ఒక మోసం ఉంది. పటమట నుంచి బెంజి సర్కిల్‌కు, మళ్లీ ఇంటికి, ఇలా చిన్న చిన్న దూరాలే తిరిగితే ఇంజన్ సరిగా వేడెక్కదు. కాలని పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ తగ్గుతున్నా గీత తగ్గినట్టు కనపడదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. తర్వాత ఓసారి హైవే ఎక్కితే ఆ పెట్రోలు ఆవిరైపోయి గీత ఒక్కసారిగా దిగుతుంది. జనం హైవేని తిడతారు. డిప్‌స్టిక్ పెట్రోలు వాసన కొడితే విషయం ఇదే. వారానికోసారి గుంటూరు దాకా ఆగకుండా నడిపితే ఆయిల్లోని పెట్రోలు, నీరు ఆవిరవుతాయి. గట్టిపడిన కార్బన్ మాత్రం వేగంగా నడిపితే రాలిపోదు, ఎవరు చెప్పినా నమ్మకండి.

ఆయిల్ ఎటు పోతోందో పొగే చెబుతుంది. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వదిలి ఆగిపోతే వాల్వు సీళ్లను అనుమానించండి. గట్టిగా తొక్కినప్పుడల్లా వస్తే రింగులు గానీ టర్బో సీలు గానీ. పొగే లేకుండా ఆయిల్ తగ్గుతుంటే, బయట కారడం లేదని చూసుకుని పీసీవీ పరీక్షించండి. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత నెమ్మదిగా తీయండి. మూత ఊడనంత గట్టిగా లాగుతూ ఈల వేస్తే పీసీవీ లోపలి రబ్బరు పొర చిరిగినట్టే. లోపలి నుంచి గాలి తంతుంటే రింగుల దగ్గర్నుంచి ఒత్తిడి జారుతోంది. చిరిగిన పొరతో ఎన్నిసార్లు వాల్వులు గోకించినా డబ్బు దండగ.

ఆయిల్ మాన్యువల్లో చెప్పిన గ్రేడే, డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ (ఆయిల్ నాణ్యత గుర్తు) గానీ దాని తర్వాత వచ్చిన గుర్తు గానీ ఉన్నదే పోయండి. తాగుతోంది కదా అని చిక్కటి 20డబ్ల్యూ-50 పోయడం తప్పు. మ్యాక్స్ గీత దాటించడం ఇంకా తప్పు. క్రాంక్ (ఇంజన్ అడుగున తిరిగే ఇరుసు) దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగంతా పీసీవీ గుండా వాల్వుల మీదికే పోతుంది. కంపెనీ 10,000 కిలోమీటర్లన్నా, బండి ఊళ్లో ట్రాఫిక్‌లోనే తిరిగేదైతే 5,000 నుంచి 7,500 లోపే మార్చేయండి. ఇంకొకటి, పై గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర అదాటున పూర్తిగా తొక్కకండి. ఆయిల్ తుంపరే ముందుగా అంటుకుని పిస్టన్ రింగుల గాడి పగలగొట్టగలదు. ఒక గేరు దించి తొక్కండి.

ఇవన్నీ చూశాక కూడా పొద్దున ఇంజన్ మిస్ అవుతూ, పికప్ పడిపోతే బోర్‌స్కోప్ కెమెరాతో వాల్వులు చూపించమనండి. చూడకుండా శుభ్రం చేస్తానంటే ఒప్పుకోకండి. పొర మందంగా ఉంటే అక్రోట్ పెంకుల పొడిని గాలితో కొట్టించడం మేలైన పద్ధతి. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గుత్తి) విప్పి, ఏ సిలిండర్ వాల్వులు పూర్తిగా మూసుకున్నాయో చూసుకుని దానికే కొట్టాలి. తర్వాత క్రాంక్ తిప్పి పక్క సిలిండర్‌కు. వాల్వు కాస్త తెరుచుకుని ఉన్నా పొడి లోపల పడుతుంది. ఆటోనగర్లో ఈ మిషన్ లేని షెడ్డయితే వాల్వు మూసి ద్రావకంలో నానబెట్టి నైలాన్ బ్రష్‌తో తోమి, వ్యాక్యూమ్‌తో పీల్చేయమనండి. స్క్రూడ్రైవర్‌తో గీకనివ్వకండి, వాల్వు కూర్చునే అంచు గీతలు పడితే కంప్రెషన్ పోతుంది. ఇంజన్ నడుస్తుండగా గాలి పీల్చే వైపు నుంచి స్ప్రే కొట్టే పద్ధతి పలచటి పొరకైతే సరే. మందంగా ఉంటే పెద్ద పెళ్లలు ఊడి టర్బోలోకి పోతాయి.

బిగించేటప్పుడు మానిఫోల్డ్ గాస్కెట్ కొత్తదే వేయించండి. పాతది గాలి పీలిస్తే మళ్లీ అదే మిస్‌ఫైర్, అదే చెక్ ఇంజన్ లైటు.

ఇట్లు,
మీ తాతయ్య